హైవే మీద చైనా బండి
‘దారి తిండి’ ధారావాహిక

సాయంత్రం ఆరు దాటాక ఎ.కొండూరులో హైవే వాసన మారిపోతుంది. పగలంతా డీజిలూ దుమ్మూ. ఎండాకాలమైతే మామిడికాయ లారీల సొన వాసన. దీపాలు పెట్టే వేళకు వెల్లుల్లి, పచ్చిమిర్చి కాగిన నూనెలో పడి, వాటి మీద సోయా సాస్ చిమ్మిన ఘాటు రోడ్డుకు అడ్డం వస్తుంది. విజయవాడ నుంచి భద్రాచలం పోయే బస్సులో కునుకు తీస్తున్నవాడు కూడా ఆ ఘాటుకు తుమ్మి లేస్తాడు. ఇబ్రహీంపట్నం దగ్గర బయల్దేరి కొండపల్లి, మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ దాకా పోయే ఈ రోడ్డుకు ఒకప్పుడు 221 నంబరు, ఇప్పుడు 30. నంబరు మారింది గానీ, పొద్దు గుంకాక ప్రతి సెంటర్‌లోనూ ఇనప కడాయి మోత మాత్రం ఒకటే. ఎర్ర అక్షరాలతో ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అని బోర్డు, పక్కన డ్రాగన్ బొమ్మ, దాని కింద గుడ్ల ట్రేలు.

గత సంచికలో పునుగుల బండి, మిర్చి బజ్జీ బండి కథ చెప్పుకున్నాం. ఈ చైనా బండి ఆ బజ్జీ బండికి వారసుడే. అదే నాలుగు చక్రాలు, అదే సాయంత్రం బేరం, అదే నిలబడి తినే అలవాటు. వంటకం మాత్రం వేలమైళ్ళ అవతలిదని బోర్డు అంటుంది. బోర్డు మాట ఎంతవరకు నిజమో ఈసారి చూద్దాం.

ముందు ఒక పాత అతిథిని తలుచుకోవాలి. సుమారు క్రీ.శ. 639 ప్రాంతంలో ఒక చైనా మనిషి మన వైపు వచ్చాడు. పేరు హుయాన్‌త్సాంగ్. వేంగి చూసి, అక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డున ధాన్యకటకం చేరి, కొన్ని నెలలు ఉండి బౌద్ధ శాస్త్రాలు చదువుకున్నాడు. ఆయన చూసిన నగరం అమరావతి దగ్గరి ధాన్యకటకమా, బెజవాడా అన్నదాని మీద పందొమ్మిదో శతాబ్దపు పండితులు పెద్ద గొడవే పడ్డారు. ఏదైనా సరే, ఎ.కొండూరుకు తూర్పున వేంగి, దక్షిణాన కృష్ణ. అంటే ఆ యాత్రికుడు మన చుట్టుపక్కలే తిరిగాడన్నమాట. ఆయన తనతో తీసుకెళ్ళింది గ్రంథాలు. ఇక్కడ నూడుల్స్ మాత్రం వదిలి వెళ్ళలేదు. చైనా తిండి మన నోటికి చేరడానికి ఇంకో వెయ్యిన్నూట ముప్పై ఏళ్ళు పైనే ఆగాల్సి వచ్చింది. అది వచ్చిన దారి కూడా బౌద్ధుల దారి కాదు, ఓడల దారి.

వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో అచ్చూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి సంపాదించి చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. తన దేశం నుంచి కూలీలను రప్పించుకున్నాడు. మిల్లు నిలవలేదు, ఆయనా ఎక్కువ కాలం బతకలేదు. ఊరు మాత్రం ఇప్పటికీ అచ్చీపూర్. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కలకత్తా నగరంలోనే స్థిరపడ్డారు. కాంటన్ వాళ్ళు వడ్రంగం పట్టుకున్నారు. హూబే వాళ్ళు పళ్ళ వైద్యం చేసేవారు. హక్కా వాళ్ళు తోళ్ళ పనికి దిగి, ఊరి చివర టాంగ్రా చిత్తడి నేలల్లో చర్మశుద్ధి కొట్టాలు కట్టారు. కులం పేరుతో ఇక్కడివాళ్ళు ముట్టుకోని పని కనుక అందులో వాళ్ళకు పోటీ తక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ పని పడుతుంది.

కలకత్తా టిరెట్టా బజారులో ఈ చైనావాళ్ళ తిండి మొదట వాళ్ళ కోసమే. తర్వాత నాన్‌కింగ్ లాంటి పెద్ద రెస్టారెంట్లు 1920ల్లో తెరుచుకుని తెల్లదొరలనూ బెంగాలీ బాబులనూ పిలిచాయి. బెంగాలీలకు వంట నచ్చింది గానీ చప్పగా ఉందన్నారు. పచ్చిమిర్చి పడింది. వెల్లుల్లి పెరిగింది. ఊళ్ళోనే సోయా సాస్, చిల్లీ సాస్ తయారుచేసే కార్ఖానాలు వెలిశాయి. ఈ వేళ మనం చైనీస్ అని పిలిచే వంటకు మొదటి తాలింపు పడింది అక్కడే.

1962 వచ్చింది. చైనాతో యుద్ధం. అప్పటిదాకా పొరుగువాళ్ళుగా బతికిన చైనా కుటుంబాలు రాత్రికి రాత్రి శత్రువులైపోయాయి. ముఖ్యంగా అస్సాం, బెంగాల్ కొండప్రాంతాల నుంచి సుమారు మూడు వేల మందిని రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఈ గడ్డ మీదే పుట్టి చైనా మొహమే చూడనివాళ్ళు ఉన్నారు. కొందరికి విడుదల 1967కు గానీ రాలేదు. మన స్కూలు పుస్తకాల్లో ఆ యుద్ధం ఉంటుంది గానీ దేవలీ ఉండదు. ఉండాలని నా అభిప్రాయం. బయటికొచ్చాక చాలామంది కెనడా దారి పట్టారు. ఇవాళ టొరంటోలో ‘హక్కా’ అని బోర్డు పెట్టిన రెస్టారెంట్లు ఎన్నో ఆ కలకత్తా వాళ్ళవే. మన వైపు నుంచి చదువుకోవడానికి పోయిన పిల్లలు అక్కడి అసలైన చైనా హోటల్లో రెండు ముద్దలు తిని మొహం చిట్లించి, చివరికి ఈ హక్కా హోటళ్ళ దగ్గర తేలుతారు. పచ్చిమిర్చి తగిలితే గానీ వాళ్ళకు ఇల్లు గుర్తు రాదు.

కలకత్తాలో మిగిలినవాళ్ళకు వ్యాపారాలు చితికాయి. వంట ఒక్కటి చేతిలో ఉంది. కొందరు బొంబాయి, మద్రాసు, హైదరాబాద్ బండెక్కారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నాన్‌కింగ్ పేరుతో నడిచిన హోటల్, మద్రాసు మౌంట్ రోడ్డులోని చుంగ్ కింగ్ లాంటివి దక్షిణాది పెద్దవాళ్ళకు చాప్‌స్టిక్స్ చూపించాయి. చూపించడం వరకే, తిన్నది ఫోర్కుతోనే. 1973లో బొంబాయి తాజ్ హోటల్ గోల్డెన్ డ్రాగన్ తెరిచి సిచువాన్ కారాన్ని తెచ్చింది. ‘షెజ్వాన్’ అని మన బండి మీద రాసే ముక్కకు పుట్టిల్లు అదే. తర్వాత టాంగ్రాలోనూ మార్పు వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు కలకత్తా చర్మశుద్ధి కొట్టాలను ఊరి బయటికి, బాంతలా వైపు తరలించమంది. చాలా కొట్టాలు రెస్టారెంట్లయ్యాయి.

ఇక మంచూరియా. 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చూస్తున్న నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనా కుర్రాణ్ణి, పట్టికలో లేనిదేదైనా కొత్తగా చెయ్యమని అడిగారట. ఆయన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించాడు. గరం మసాలా పడాల్సిన చోట సోయా సాస్ పోశాడు. కార్న్‌ఫ్లోర్ నీళ్ళు కలిపి చిక్కబరిచాడు. అందులో వేయించిన కోడిముక్కలు పడ్డాయి. ఈ కథను వాంగే చెప్పుకున్నాడు, కాదన్నవాళ్ళు పెద్దగా లేరు. చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియా ప్రాంతంలో ఇలాంటి వంటకం లేదు. కోడి తిననివాళ్ళకోసం దాని స్థానంలో కాలీఫ్లవర్ వచ్చి చేరింది. ఆ కాలీఫ్లవరూ స్వదేశీ కాదు, 1822లో ఇంగ్లీషువాళ్ళు సహారన్‌పూర్ తోటకు తెచ్చిన విత్తనం.

తెలుగువాళ్ళకు నూడుల్స్ ఈ పెద్ద హోటళ్ళ ద్వారానే తెలిశాయనుకుంటే పొరపాటు. అంతకు చాలా ముందే మన ఉత్తరాంధ్ర, గోదావరి కూలీలు కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ పోయి, అక్కడి మిల్లుల్లోనూ రేవుల్లోనూ చెమటోడ్చారు. సాయంత్రం చేతిలో డబ్బు పడ్డాక ఆ ఊళ్ళో చవగ్గా దొరికేది ఖౌస్వే అనే నూడుల్స్. నూడుల్స్ కడుపునిండా తిన్న మొదటి తెలుగువాళ్ళు ఆ కూలీలే అయి ఉంటారని నా నమ్మకం. 1962లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేశాక వాళ్ళలో ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. మద్రాసు బర్మా బజారు చుట్టూ అదే నూడుల్స్ ‘అత్తో’ పేరుతో బళ్ళ మీదికెక్కింది. కానీ ఆ దారి మన మెట్టదాకా రాలేదు. ఎ.కొండూరుకు వచ్చినది కలకత్తా–బొంబాయి దారే.

వచ్చిందంటే, ఊరికే రాలేదు. ఇక్కడ అసలు కథ మొదలవుతుంది. పెద్ద హోటళ్ళ వంట బండి మీదికెక్కాలంటే నాలుగు సరుకులు కావాలి: చవక బియ్యం, చవక కోడి, చవక గుడ్డు, చేతికందే మంట. ఈ నాలుగూ 1980ల ఆంధ్రలో ఇంచుమించు ఒకేసారి సమకూడాయి. మన ఫాస్ట్ ఫుడ్ బండిని చైనా కంటే ఆ దశాబ్దమే ఎక్కువ కని పెంచిందని నేను అంటాను.

బియ్యం సంగతి. తిరువూరు, మైలవరం, ఎ.కొండూరు మెట్ట. పెద్దవాళ్ళు జొన్నన్నం, రాగిసంకటి తిన్న నేల. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరాఖర్న ఇటు తలుపు తట్టింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక వరి అన్నం మెట్టలోనూ రోజువారీ తిండి అయింది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే రైతులు బీపీటీ 5204 అనే రకం, సన్నగా, పొడిపొడిగా ఉడుకుతుంది. ఫ్రైడ్ రైస్‌కు అలాంటి గింజే కావాలి. అన్నం ముద్దైతే కడాయిలో పేస్టు అవుతుంది. బాస్మతి కొనే స్తోమత లేని బండివాడికి ఊరి సన్నబియ్యమే దిక్కు, ఆ బియ్యమే పనికొచ్చింది. పైగా వంట సూత్రం మనకు కొత్త కాదు. చైనాలోనూ మిగిలిన చల్లన్నాన్నే వేయిస్తారు. మన ఇళ్ళల్లో రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున పోపు పెట్టి తాలింపన్నం చేయని అమ్మ ఎవరు? సోయా సాస్ ఒక్కటి వచ్చి చేరింది.

కోడి సంగతి ఇంకా ఆసక్తికరం. నాటుకోడిని ముక్కలు కోసి నాలుగు నిమిషాల పెద్ద మంటలో వేయిస్తే అది పళ్ళకు పరీక్ష పెడుతుంది. దానికి తీరిగ్గా ఉడికే కూర పద్ధతే సరి. ఆరు వారాల్లో రెండు కిలోలకు ఎదిగే బ్రాయిలర్ వచ్చాకే చిల్లీ చికెన్ బండి మీద సాధ్యమైంది. ఆ బ్రాయిలర్‌ను దేశమంతా పాకించినవాళ్ళలో ముందు వరుసలో ఉన్నది మన తెలుగువాడు బి.వి.రావు. ఆయన 1971లో పుణేలో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు. గుడ్ల రైతులను దళారుల చేతుల్లోంచి తప్పించడానికి 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సమితి (నెక్) వెనకా ఆయనే. గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి వైపు కోళ్ళ షెడ్లు బారులు తీరాయి. గుడ్డు మారుమూల కిరాణా కొట్టుకూ చేరింది. ఎగ్ నూడుల్స్, ఎగ్ ఫ్రైడ్ రైస్, డబుల్ ఎగ్ అని బండి మీద వినపడే పిలుపులకు అదే పునాది.

మొక్కజొన్నను కూడా ఇక్కడ కలపాలి. మన మెట్ట చేలల్లో పండే మొక్కజొన్న బ్రాయిలర్ కోడికి మేత. అదే మొక్కజొన్న పిండి కార్న్‌ఫ్లోర్ రూపంలో ఆ కోడిముక్కకు పైపూత. మంచూరియా ప్లేటు తింటున్నవాడు ఒకే పంటను రెండు సార్లు తింటున్నాడన్నమాట.

నాలుగోది మంట. బండి మీద బొగ్గుతోనో కట్టెలతోనో ఈ వంట కష్టం. గాలి కొడితే గర్జించే పెద్ద బర్నరు ఉండాలి. కడాయి ఎర్రగా కాగి ఉండాలి. అన్నం అడుగు తగలకముందే ఎగరేయాలి. పంతొమ్మిది కిలోల కమర్షియల్ సిలిండరు పట్నాల నుంచి మండల కేంద్రాలకు వచ్చాక ఆ పని సులువైంది. కడాయి పట్టేవాణ్ణి బండి దగ్గర ‘మాస్టర్’ అంటారు. ఆయన ఒడిశా వాడో, బెంగాల్ వాడో, నేపాల్ వాడో కావచ్చు. లేదా విజయవాడలో రెండేళ్ళు గిన్నెలు కడిగి, చూసి నేర్చుకుని వచ్చిన తండా కుర్రాడూ కావచ్చు. చదువుకున్న పాఠం ఒకటే: ముందు నూనె, తర్వాత వెల్లుల్లి, క్యాబేజీ, క్యారెట్, గుడ్డు, అన్నం, ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్, సోయా సాస్, చివర ఉల్లికాడలు. మనవాళ్ళు దానికి కలిపినది కరివేపాకు, గుంటూరు కారం. మద్రాసు బుహారీ హోటల్లో 1965లో పుట్టిందని చెప్పే చికెన్ 65 కూడా ఈ బండెక్కి, చైనా వంటల పట్టికలో హాయిగా కూర్చుంది. దానికి చైనాతో సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

ఎదురుగా గిరాకీ కూడా సిద్ధంగా ఉంది. 1983లో మ్యాగీ దేశంలోకి వచ్చి పిల్లలకు నూడుల్స్ అలవాటు చేసింది. 1998లో మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. హాస్టళ్ళూ అద్దె గదులూ వెలిస్తే, రాత్రి తొమ్మిదికి ఆకలేసే వందల కుర్రాళ్ళు వచ్చినట్టే. సెలవులకు ఇళ్ళకు పోతూ ఆ రుచిని వెంట తీసుకుపోయినవాళ్ళూ వాళ్ళే.

ఇప్పుడు, ఇందాక గుర్తుంచుకోమన్న కులం పట్టింపు సంగతి. మన ఊళ్ళల్లో హోటల్ అంటే చాలాకాలం ఎవరు వండారు, ఎవరు తింటారు అన్న లెక్క ఉండేది. బ్రాహ్మణ భోజన హోటల్, ఉడిపి, మాంసానికి మిలిటరీ హోటల్. పల్లె టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి. పలానా కూర పలానావాళ్ళ చేతి వంట అని నాలుకకు గుర్తులుండేవి. నూడుల్స్‌కు అలాంటి గుర్తులేవీ లేవు. ఎవరి ఇంటి వంటా కాదు కనుక ఎవరి ఇంటి పట్టింపూ దానికి అంటలేదు. ఎ.కొండూరు మండలంలో లంబాడీ తండాలు ఎక్కువ. తండా నుంచి ఆటోలో దిగిన కుర్రాడూ, మామిడితోట ఆసామి కొడుకూ, బస్సు కోసం ఆగిన కండక్టరూ అదే బండి ముందు అవే ప్లాస్టిక్ ప్లేట్లు పట్టుకుని నిలబడతారు.

‘‘అన్నా, ఒక హాఫ్ చికెన్ నూడుల్స్. కారం ఎక్కువెయ్.’’

‘‘పార్సిలా, ఇక్కడేనా తమ్ముడూ?’’

కులం పోయిందని ఎవరూ అనరు. ఆ ప్లేట్లు పట్టుకున్న అరగంటలో మాత్రం దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఆడవాళ్ళ విషయం వేరు. వాళ్ళు బండి ముందు నిలబడడం ఇప్పటికీ తక్కువే. వాళ్ళ ప్లేటు పేపరులో చుట్టి, పలుచని కవర్లో కట్టి, మోటారు సైకిల్ హ్యాండిలుకు వేలాడుతూ ఇంటికి వస్తుంది. పల్లెటూరి ఇల్లాలు వారంలో ఒక రాత్రి పొయ్యి వెలిగించకుండా గడపగలిగిందంటే దానికి ఈ పార్సిలే కారణం. చరిత్రకారులు ఈ మాట రాయరు గానీ ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఇందులో బాగున్నదంతా చెప్పాను. బాగులేనిది చెప్పకపోతే అబద్ధమాడినట్టు. టేస్టింగ్ సాల్ట్ మీద ఉన్న భయం నిజానికి అతిశయం. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసులోని రుచిని విడదీసి ఆ ఉప్పును కనిపెట్టాడు. మరుసటేడాది అజినమోటో పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఒకే ఒక ఉత్తరంతో దాని మీద అనుమానం లేచి ప్రపంచమంతా పాకింది. తర్వాత జరిగిన పరీక్షలు, మామూలు మోతాదులో అది హాని చేస్తుందని నిరూపించలేకపోయాయి. నాకు దానికంటే భయమేసేది రంగు. కర్ణాటకలో 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107 సురక్షితం కావని తేలాయి. 2024 మార్చి 11న ఆ ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. గోవాలో మపూసా మునిసిపాలిటీ అయితే ఆ బళ్ళనే వద్దంది. మన బండి మీద ముక్క నిప్పుకణికలా మెరుస్తుంటే మిరపకాయ ఎరుపు అనుకోకండి. వేయించిన మిరప ముదురుగా నల్లబారుతుంది.

ఎ.కొండూరు మండలానికి ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి తండాల్లో మూత్రపిండాల జబ్బు చాలా కుటుంబాలను కుంగదీసింది. అనుమానం భూగర్భ జలాల మీద ఉంది. కృష్ణా నీటిని పైపుల్లో తేవడానికి పథకం పెట్టింది అందుకే. ఆ జబ్బున్నవాళ్ళకు వైద్యులు మొదట చెప్పేది ఉప్పు తగ్గించమని. ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్‌లో ఉప్పు విడిగా, సోయా సాస్‌లోది విడిగా, టేస్టింగ్ సాల్ట్‌లోది విడిగా మూడు దారుల్లో వస్తుంది. అవి నోటికి విడివిడిగా తెలియవు. బండివాడికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది బండివాడికే అని కూడా నేననుకోను. రోగి ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, పార్సిలు తెచ్చేది వాళ్ళు కనుక.

బండి ఇప్పుడు మళ్ళీ రూపం మారుతోంది. డ్రాగన్ బొమ్మ పక్కన మోమోల స్టీలు డబ్బా వచ్చి కూర్చుంది. నేపాల్, టిబెట్ వైపు నుంచి దిగిన ఈ ఆవిరి కుడుములతో పాటు తెల్లటి మయోనీజు కూడా వచ్చింది. హైదరాబాద్‌లో మోమోలు తిని జనం జబ్బుపడ్డాక, 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజును ఏడాదిపాటు నిషేధించింది. ఆ ఉత్తర్వు తెలంగాణకే. తిరువూరు దాటి కొద్ది దూరం పోతే పెనుబల్లి, ఖమ్మం జిల్లా. ఒకే హైవే, ఒకే డబ్బా, ఒకే గుడ్డు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు బోర్డు. ఆ ఏడాది అటు నేరమైనది ఇటు అదనంగా ఒక చెంచా.

వచ్చే సంచికలో: దమ్ బిర్యానీ హైదరాబాద్ దాటి హైవే ఎక్కిన వైనం.